ఆసియా ప్రేమనాటకములు – తెలుగుతెర దారిద్ర్యము

నూజివీటి ప్రాంతమున మామిడికాయ దిగు దినములలో మాటకు కాళ్లు వచ్చును. ప్రాతఃకాలమున కోతకూలీల నడుమ పుట్టిన సంగతి మధ్యాహ్నమునకు నున్న మార్కెట్టు చేరి, సాయంకాలమునకు ఖాళీలారీతో మరలివచ్చి మా గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండును. ఈ వేసవిలో అట్లు వచ్చి కూర్చున్న సంగతులలో నొకటి ఈ వ్యాసమునకు కారణమైనది. తోటలలో కావలిపాకలయందు రాత్రివేళ యువకులు సెల్‌ఫోనులు ముందుంచుకొని థాయిలాండు, జపాను, కొరియా దేశముల ధారావాహిక నాటకములను చూచుచున్నారట. ఆ నాటకములలో నాయకుడును పురుషుడే, అతడు వలచినదియు పురుషునేనట! విని కొందరు నివ్వెరపోయిరి. కొందరు నవ్విరి. ఒక పెద్దమనుష్యుడు మాత్రము నవ్వక, నివ్వెరపోక, కాగితమును కలమును తెప్పించి తీర్మానము వ్రాసినాడు. మన సంస్కృతిని కబళించుచున్న ఈ విదేశీయ నాటకములను ప్రభుత్వమువారు తక్షణము నిషేధింపవలెనని దాని సారము. వచ్చు సభలో ప్రతిపాదింపనున్నారు. మా సంతకమును గూడ అడిగిరి.

మేము చేయలేదు. చేయకపోవుటకు మొదటి కారణము మిక్కిలి సామాన్యమైనది. తీర్మానమును వ్రాసినవారు గాని, బలపరచుటకు సిద్ధపడినవారు గాని ఆ నాటకములలో ఒక్క భాగమునైనను చూచియుండలేదు. కాయను చేత బట్టి చూడక లాటునకు ధర పలుకు వర్తకుడు మన మార్కెట్టులో ఎన్నిదినములు నిలుచును? అందుచే మేము ఆరువారములు ఓపికపట్టి చూచితిమి. తెరకు దిగువ పరుగెత్తు ఆంగ్లాక్షరములను కళ్లజోడు సవరించుకొని చదువుకొనుచు, అర్థము గానిచోట మనుమల యీడువారి నడుగుచు చూచితిమి. చూచిన పిమ్మట గలిగిన యభిప్రాయమును దాచక చెప్పుచున్నాము. వానిలో మంచివి కొలదిగ గలవు. చెత్త మిక్కుటముగ గలదు. కాని మనము సిగ్గుపడవలసినది వానిని జూచి గాదు. వానిని జూచుటకు మన బిడ్డలు బాంకాకువరకు పోవలసివచ్చునట్లు చేసిన మన తెలుగుతెరను జూచి సిగ్గుపడవలెను.

ఈ నాటకములను లోకము 'బాయ్స్ లవ్' అని పిలుచుచున్నది, క్లుప్తముగ 'బి. ఎల్.' అందురు. పేరులో బాలురున్నను మేము చూచినవానిలో ప్రధానపాత్రలు కాలేజీలలో చదువుకొను యువకులు, కచేరీలలో పనిచేయు ఉద్యోగులు. ఈ కథలకు పుట్టినిల్లు జపాను. 1970 తరువాతి దశకమున హగియో మొటొ, తకెమియా కెయికొ మొదలగు రచయిత్రులు బాలికల పత్రికలలో చిత్రకథలుగ వీనిని ఆరంభించిరి. 1978లో ఇట్టి కథలకే ప్రత్యేకముగ 'జూన్' అను పత్రిక వెలసినది. అనగా ఇది స్త్రీలు వ్రాయగా స్త్రీలు చదివిన వాఙ్మయము. నేటికిని దీని ప్రేక్షకులలో స్త్రీలే అధికులు. మన పెద్దలు దీనిని చెడిన మగపిల్లల వ్యసనమని తలచుచుండ, వాస్తవమునకు ఇది ఆడపిల్లలు పెంచుకొన్న తోట. కట్నపు బేరము, అత్తవారి యారళ్లు, వంటయింటి పొగ లేని ప్రేమ యొకటి యుండిన ఎట్లుండునో చూడదలచి, ఆ కథలోనుండి తమ్ముతామే తప్పించుకొని ఇద్దరు పురుషులను నిలిపిరని మాకు తోచుచున్నది. ఈ సంగతి తెలిసినచో తీర్మానకర్తగారు కుమారుని ఫోనుతోబాటు కోడలి ఫోనును గూడ పరీక్షింపబూనుదురేమో! ఆ పని చేయవలదని ముందుగనే మనవిచేయుచున్నాము.

జపానునుండి ఈ కథలు థాయిలాండు చేరినవి. అచ్చట వీనికి 'వై' నాటకములని పేరు. 2014లో 'లవ్ సిక్', 2016లో 'సోటస్' టెలివిజనున ప్రసారమైనవి. 2020లో కరోనా భయమున లోకమంతయు తలుపులు మూసికొని కూర్చున్నపుడు 'టుగెదర్' అను నాటకము సరిహద్దులు దాటి ఖండఖండాంతరముల కెక్కినది. తైవాను, కొరియా, చీనా దేశములును ఈ మార్గమునే పట్టినవి.

ఇక 'విదేశీయము' అను నిందను విచారింతము. ఇవి లండను నుండి గాని న్యూయార్కు నుండి గాని దిగుమతియైనవి కావు. 1947 మార్చిలో ఢిల్లీ పురానాఖిల్లాలో ఆసియాదేశముల మహాసభ కూడినపుడు, ఆసియా మేల్కొన్నదని మన పత్రికలన్నియు ఉప్పొంగినవి. ఆ మేల్కొన్న ఆసియా తన ప్రేమకథలను తన భాషలలో చెప్పుకొని, పడమటిదేశములవారుగూడ అక్షరములు చదువుకొనుచు చూచునట్లు చేయగా, మనకేల ఈ ఉలికిపాటు? మన యువకులు హాలీవుడ్డు కాల్పులబొమ్మలను చూచునపుడు ఎవరును తీర్మానము వ్రాయలేదు.

పోనిండు, స్వదేశీయ విదేశీయముల లెక్క తేల్చదలచినచో సంపూర్ణముగ తేల్చుదము. ఇద్దరు పురుషుల యన్యోన్యతను నేరముగ నెంచి, యావజ్జీవ కారాగారమువరకు శిక్ష విధించిన 377వ సెక్షను ఎవరిది? మెకాలే దొర నాయకత్వమున చిత్తువ్రాయబడి, 1860లో శాసనమై, 1862 నుండి అమలునకు వచ్చిన పీనలు కోడులోనిది. ఆ దొరతనమువారు ఎచ్చట జెండా పాతిరో అచ్చటనెల్ల, మలయాలో, సింగపూరులో, బర్మాలో, ఈ విత్తనమునే చల్లిరి. వారికి లోబడని థాయిలాండు, జపానులలో ఈ నాటకములు ముందుగ వికసించుట కాకతాళీయమని మేము తలపము. ఆంగ్లేయుడు పోయెను; సెక్షను నిలిచెను. ఉప్పుచట్టమును ధిక్కరించి చెరసాలల కేగిన జాతి ఈ చట్టమును మాత్రము తాతలనాటి ధర్మమని నెత్తినబెట్టుకొన్నది! ఢిల్లీ హైకోర్టు 2009లో దీనిని తగ్గింపగా, 2013లో సుప్రీంకోర్టు మరల నిలబెట్టినది. తుదకు 2018 సెప్టెంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ, ఇష్టపూర్వకముగ గూడిన వయోజనుల విషయమున ఆ సెక్షను చెల్లదని తీర్పుచెప్పిరి. హైదరాబాదు నిజామురాజ్యమున 1919లో హిజ్రాల పేర్లను పోలీసు పుస్తకముల కెక్కించుటకు చేసిన చట్టమును గూడ తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసినది. కావున ఏది పరదేశీయము, ఏది మనది యను ప్రశ్నకు సమాధానము తీర్మానకర్తగారు తలచినంత సులువు గాదు.

మా సీమకు కూచిపూడి పొరుగే. 2022లో నూజివీడు ఏలూరుజిల్లాలో చేర్చబడువరకు రెండును కృష్ణాజిల్లాలోనివే. ఆ గ్రామమున తరతరములుగ పురుషులే స్త్రీవేషములు ధరించి ఆడిరి. తెరపైనుండి సత్యభామ జడ వ్రేలాడగనే జనసమూహము ఊపిరి బిగబట్టెడిది. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపమున విరహవేదనను అభినయించుచుండ, ఆ వేషమున నున్నది పురుషుడని ఎరిగియే మన తాతలు, తండ్రులు తెల్లవారులు కూర్చుండి కన్నీరు పెట్టిరి. బాపట్లవాసి స్థానం నరసింహారావుగారి సత్యభామను జూచి స్త్రీలే చీరకట్టు సవరించుకొనెడివారని పెద్దలు చెప్పుదురు. 1956లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించినది. గోదావరీతీరమున ర్యాలియందు ఏకశిలలో ముందు కేశవుడు, వెనుక మోహిని. భక్తులు చుట్టు తిరిగి రెండు రూపములకును మ్రొక్కుచున్నారు.

దీనికి బదులుగ ఒక మిత్రుడు, "ఆ కథలు స్త్రీపురుషుల ప్రేమకథలే గదా, వేషము ధరించినంతమాత్రమున ఇవియు నవియు నొకటియగునా?" అని ప్రశ్నించెను. ప్రశ్న న్యాయమైనది. రెండును ఒకటి కావు. ఒకటియని మేము వాదింపము. సత్యభామ వలచినది కృష్ణుని. అది యెరిగిన కథ. కాని ఒక పురుషుడు మరియొక పురుషుని యెదుట నిలిచి ప్రేమావేదనను ప్రకటింపగా మన పూర్వులకు వంట్లో తేళ్లు పాకలేదు, రసము పుట్టినది. ఆ ప్రేక్షకుల మనుమలకు నేడు తేళ్లు పాకుచున్న వన్న, అది మన సంప్రదాయపు గుణమని చెప్పుట కవకాశము లేదు.

మేము వచ్చిన మాటకు తిరిగి వత్తుము. తెలుగుతెర ఏమిచేసినది? ఇన్ని దశాబ్దములలో అట్టి పురుషుని తెలుగుతెర మనుష్యునిగ నిలుపుట అరుదు. దిష్టిబొమ్మగ నిలిపినది. నడక వంకర, మాట సాగదీత, చేతులు త్రిప్పుట, హాస్యనటుడొకడు ఆ వేషమున వచ్చును, నాయకుడు అసహ్యముతో తప్పించుకొనును, హాలంతయు ఘొల్లుమనును. 'ఆడంగి' యను మాట లేక హాస్యము పండదని నమ్మిన రచయితలు మనకు కొదవలేదు. ఆ హాలులో, ఆ నవ్వుల నడుమ, నవ్వలేక నవ్విన యువకుడొకడు ప్రతి ఆటకును ఉండియుండును. అతని ప్రక్కననే తండ్రి కూర్చుండి పొట్ట చెక్కలగునట్లు నవ్వుచుండెను. ఆ నవ్వును విన్న కుమారుడు ఇంటికివచ్చి తన హృదయమును తండ్రికి విప్పిచెప్పునా? 2018లో 'అ!' అను చిత్రమున ఇద్దరు యువతుల ప్రేమను హేళన లేక చూపిన మాట నిజమే. ఆ సాహసమునకు వందనములు. కాని ఒక కోకిల కూతకు వసంతము రాదు. పొరుగు కేరళలో 2023లో జియో బేబీ తీసిన 'కాదల్' చిత్రమును చూడుడు. మమ్ముట్టి వంటి అగ్రనటుడు, స్థానిక ఎన్నికలలో నిలిచిన గౌరవనీయుడైన గృహస్థునిగ, ఇట్టి రహస్యమును జీవితమంతయు మోసినవానిగ నటించెను. ఆయన మహానటత్వమునకు దానివలన అణుమాత్రము లోపము రాలేదు. అట్టి పాత్రను ధరింపగల గుండె తెలుగు అగ్రనటులలో ఒక్కనికిని ఇంతవరకు కలుగలేదు. నూరుగురిని ఒంటిచేత్తో నేలగూల్చు వీరులు ఒక్క పాత్రకు వెరతురు!

మనతెర ఈ భూమిని బీడుగ వదలి దిష్టిబొమ్మను నిలిపినది. పొరుగువాని పంట మన గట్టు దాటివచ్చినదని ఇప్పుడు గగ్గోలు.

అట్లని పొరుగు పంటయంతయు మేలురకమని మేము చెప్పబోము. ఈ నాటకములకు తలయూచు యువమిత్రులు మాపై కోపగించినను సరే, చూచినది చూచినట్లు చెప్పవలెను. 'సోటస్' నాటకమునే తీసికొందము. ఇంజనీరింగు కాలేజీలో పైతరగతివారు క్రొత్తవారిని వరుసలలో నిలబెట్టి అరచుట, అవమానించుట, శిక్షించుట అందు మూడుపాళ్లు. ఆ అరచు సీనియరునకును ఎదిరించు జూనియరునకును నడుమ ప్రేమ మొలకెత్తును. కథను నడుపుటలో నేర్పు గలదు. జూనియరు ఆ పద్ధతినే ప్రశ్నించుటయు గలదు. కాని మనది ర్యాగింగు పేరిట బిడ్డలను పోగొట్టుకొన్న రాష్ట్రము. 1997లో ప్రత్యేకముగ చట్టము చేసికొనవలసివచ్చిన రాష్ట్రము. పదునైదు పదునారేండ్లకే పల్లెవిడిచి హాస్టళ్లలో చేరు బిడ్డలు మన ప్రాంతమున వేలకొలది. వారికి ఈ అరపులను ప్రేమకు తొలిమెట్టుగ చూపుట మాకు సమ్మతము గాదు.

2019లోని 'థార్న్‌టైప్' ఇంకను ఘోరము. ఒకేగదిలో నుండువానిని, అతడు వలదన్నను, నిద్రలోనున్నపుడు తాకి వేధించుటను ప్రణయమునకు నాందిగ చూపిరి. వాడు పురుషుడైన నేమి, స్త్రీయైన నేమి, ఇష్టములేనివానిపై చేయివేయుట ప్రేమ గాదు. వలదన్న పిల్ల వెంటబడి విసిగించుటనే ప్రేమయని మన తెలుగు చిత్రములు చెప్పుచుండ మనము ఈలవేసి చూచితిమి. ఆ జాడ్యమునే వారు వేషము మార్చి చూపుచున్నారు. ఈ విషయమున వారును మనమును సోదరులమే.

వేరొక లోపము కొంత సున్నితమైనది. ఈ నాటకములలో పెక్కింట నాయకుడు, తాను పురుషులను వలచువాడను గానని, ఈ యొక్కనిని మాత్రమే వలచితినని చెప్పుకొనును. ప్రేక్షకులకు అది మధురముగ వినబడవచ్చును. కాని దాని లోపల ఏమున్నది? అట్టివారి జాతిలో నన్ను లెక్కింపవలదను వెరపు! ప్రేమను కోరుచు, ఆ ప్రేమగల మనుష్యులను త్రోసివేయుట. వ్యాపారదృష్టి గల నిర్మాతలకు ఈ ఉపాయము అనుకూలము. ప్రేమను అమ్మవచ్చును, ఆ ప్రేమించువారి కష్టములను, హక్కులను నెత్తికెత్తుకొన నక్కరలేదు. ఆడుపాత్రల గతియో, అసూయతో రగులు ప్రియురాలు, లేనిచో నాయకులిద్దరిని జూచి చప్పట్లు చరచు చెలికత్తె.

వ్యాపారమన్న మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. బాంకాకు కంపెనీలవారు నాటకము ముగిసినను నటులను విడువరు. ఇద్దరినిద్దరిని జంటలుగ కట్టి, సభలలో నిలిపి, ప్రకటనలలో నిలిపి, తెరవెలుపలను ప్రేమికులన్న భ్రమను అభిమానులకు టిక్కెట్టుపై అమ్ముచున్నారు. ఆ నటుడు వేరొకరితో కనబడినచో అభిమానులకు ఆగ్రహము. కార్బైడు వేసి మగ్గబెట్టిన కాయను మనవారు దూరమునుండియే గుర్తింతురు. తోలు పసిడివలె మెరయును, టెంకదగ్గర పులుపు. ఈ జంటల మాధుర్యము అట్టిదే. ఈ జంటనటనకై ఆ పడుచువాండ్రు చెల్లించు వెలను జూచి మాకు వారిపై జాలి కలిగినది.

ఇన్ని లోపములున్నను చూచినంతకాలము మేము విసుగుచెందలేదనుట అసత్యము కాదు. కొన్ని మమ్ము పట్టి కూర్చుండబెట్టినవి. 2020లో జపానున వచ్చిన 'చెర్రీ మాజిక్' పండ్రెండు భాగముల చిన్న నాటకము. అదాచి యను బిడియస్థుడైన గుమాస్తాకు ముప్పదియేండ్లు నిండిన దినమున ఒక వింతశక్తి కలుగును. ఎవరిని తాకిన వారి మనస్సులోని మాట వినబడును. కిక్కిరిసిన లిఫ్టులో అందగాడు, ఆఫీసున కందరికిని ఇష్టుడునైన కురొసవా తగులగా, వాని మనస్సంతయు తనయందే యున్నట్లు వినబడును. అంతే కథ. ఇందు అశ్లీలమును వెదకబోవువాడు రిక్తహస్తములతో తిరిగివచ్చును. తన్ను ప్రేమించుట కెవరికైన కారణముండునని ఎన్నడును తలపని మనుష్యుడు, తనలోని చిన్నచిన్న మంచితనములను ఎవరో ఏడేండ్లనుండి గమనించుచున్నారని తెలిసికొనుట! పెండ్లియై నలుబదియేండ్లు గడచిన మా బోంట్లకు గూడ ఆ ఘట్టమున కన్ను చెమ్మగిల్లినది.

థాయి నాటకములలో 2021నాటి 'ఎ టేల్ ఆఫ్ థౌజండ్ స్టార్స్' మాకు నచ్చినది. ధనికుని బిడ్డ యొకడు, మరణించిన ఉపాధ్యాయిని హృదయమును శస్త్రచికిత్సవలన పొంది, ఆమె బోధించిన కొండపల్లెకు ఆమెకు మారుగ పాఠము చెప్పబోవును. అచ్చటి అటవీరక్షకునితో స్నేహము ప్రేమగ మారును. కథలో మమ్మాకర్షించినది ప్రేమ యొక్కటియే కాదు. లెక్కలు తెలియని ఆ గ్రామస్థులను తేయాకువర్తకుడు ధరలో మోసగించు తీరును చూచుచుండ, మన రైతులకు తూకములోను తరుగులోను జరుగునది జ్ఞప్తికి వచ్చినది. ప్రేమకథ నేలను విడువకుండిన ఎంత బలము!

2021లోనే మొదలైన 'బ్యాడ్ బడ్డీ'ని గూర్చి కొంత విపులముగ చెప్పవలెను. ఇరుగుపొరుగు కుటుంబములు, తరాల వైరము, ప్రతివిషయమునందును పోటీగ పెంచబడిన ఇద్దరు కుమారులు: పాట్, ప్రాన్. ఒకడు ఇంజనీరింగు, ఒకడు గృహనిర్మాణశాస్త్రము. గోడకటు ఇటు పెరిగినవారు ప్రేమలో పడుదురు. ఇందు వారు పురుషులగుట తల్లిదండ్రులకు కష్టము గాదు. శత్రువుల బిడ్డలగుటయే కష్టము. తుదకు కుటుంబములు కౌగిలించుకొని కన్నీరు కార్చు మన సినిమాముగింపు ఇందు లేదు. యువకులిద్దరు విడిపోయినట్లు లోకమునకు చూపి, కలిసియే యుందురు. తల్లిదండ్రులకు తెలియును, తెలియనట్లుందురు. ఆ ముగింపును జూచి కాలేజీ మిత్రుడొకడు, "ఇదేమి, సంపూర్ణవిజయము కాదు గదా!" యనెను. మాకు మాత్రము అందులో మన యూరు కనబడినది. తెలిసియు తెలియనట్లుండుట! మన పల్లెలలో, మన పట్టణములలో ఎన్ని యిండ్లలో ఈ మౌనము లేదు?

ఐతే థాయినాటకమున ఆ మౌనము ప్రేమికులకు నీడనిచ్చినది. మన యిండ్లలోని మౌనము అట్టిది గాదు. ఇచ్చట పాఠకులు కొంచెము నిలువవలెనని కోరుచున్నాము.

కుమారునకు ఇరువదియేడేండ్లు వచ్చును. పెండ్లిమాట ఎత్తినపుడెల్ల తప్పించుకొనుచుండును. తల్లికి అనుమానము గలదు, తండ్రికి తెలియును. పెండ్లిచేసిన అదే సర్దుకొనునని బంధువులు చెప్పుదురు. మామిడికాపు సొమ్ము చేతికి రాగానే ముహూర్తము పెట్టుదురు. ఎవరి బిడ్డనో, ఏమియు నెరుగని పిల్లను, కట్నముతోగూడ తెచ్చి ఆ గదిలోనికి పంపుదురు. ఆమె తనయందే ఏదో లోపమున్నదని ఏండ్లతరబడి కుమిలిపోవును. అతడు రెండు జీవితములను చెడగొట్టితినను పాపభారమున క్రుంగును. సంతానము లేదని ఆమెనే నిందింతురు. సంస్కృతి రక్షింపబడినది! 'కాదల్' చిత్రమున భార్య కోర్టునకేగి విడాకులు కోరినది ఈ బాధచేతనే. అది భర్తపై పగతో కాదు, ఇద్దరి విముక్తికై. తీర్మానకర్తగారికి కుమార్తెలున్నారు. వారి నొకరి నట్టి గదిలోనికి పంపుటకు వారు సిద్ధపడుదురా? పడరు. అట్లయిన, ఆ యువకుడు పెండ్లిచూపులకు ముందే తండ్రియెదుట నోరు తెరచి సత్యము చెప్పుటకు వలయు ధైర్యము ఎచ్చటనుండి రావలెను? మన తెరపై దిష్టిబొమ్మనుండియా?

ఈ నాటకములు మన బిడ్డలను మార్చివేయునను భయము మాకు లేదు. భామాకలాపము చూచిన తాతలందరు స్త్రీలు కాలేదు. నాయికానాయకుల పాటలు వేయిచూచిన యువకులందరును పార్కులలో ఎగురుట లేదు. ఉన్నవానికి తానొక్కడే కానని తెలియును. అంతమాత్రమే ఈ నాటకములు చేయగలవు. అదియే చాల గొప్ప.

నిషేధమువలన నేమగునో చీనాదేశము చూపినది. 2019లో వచ్చిన 'ది అన్‌టేమ్డ్' అను ఏబది భాగముల నాటకము ఇద్దరు పురుషుల ప్రేమను గూర్చిన నవలనుండి పుట్టినది. ప్రభుత్వ నియమములకు వెరచి ప్రేమయను మాటను అందు పలుకనీయలేదు. ఒకడు వీణవంటి వాద్యమును మీటును, ఒకడు వేణువు నూదును. ఆ రెంటి నడుమ చెప్పరానిదంతయు ప్రేక్షకులు వినిరి. మూసినకొలది చెవులు తెరచుకొన్నవి. అంతటితో తృప్తిపడక 2021 సెప్టెంబరులో ప్రసారశాఖవారు ఆడుతనపు పోకడగల పురుషులను తెరపై చూపరాదని ఆజ్ఞాపించిరి. ఇట్టి నవలల నాటకీకరణమును అడ్డగించిరి. పురుషుని కనుబొమ్మలను కూడ కొలిచి అనుమతించు ప్రభుత్వమును తీర్మానకర్తగారు కోరుచున్నారా? థాయిలాండు వేరొక దారి త్రొక్కినది. 2025 జనవరి 23 నుండి అచ్చట ఇద్దరు పురుషులైనను, ఇద్దరు స్త్రీలైనను చట్టప్రకారము వివాహమాడవచ్చును. తైవాను 2019లోనే ఆ పని చేసినది. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న ఆ విషయము శాసనసభలు తేల్చవలసినదని ప్రక్కకు తొలగినది. శాసనసభ్యులు కదలవలెనన్న ముందు ప్రజల మనస్సు కదలవలెను. ప్రజల మనస్సును కదల్చునది, న్యాయవాదుల వాదముకంటె, నాటకము.

పత్రికవారమై ఒక పాతపాపమును గూడ ఒప్పుకొనవలెను. 1924లో కలకత్తానుండి వెడలు 'మత్వాలా' అను హిందీ వారపత్రికలో 'ఉగ్ర' అను కలముపేరుగల రచయిత పురుషుల పరస్పరాకర్షణను గూర్చి కథలు వ్రాసెను. 1927లో 'చాక్లెట్' అను పేర పుస్తకమైనవి. తెగడుటకే వ్రాసితినని రచయిత వాదించెను. అశ్లీలమని బనారసీదాసు చతుర్వేదిగారు పెద్ద యుద్ధమే సాగించిరి. గాంధీమహాత్ముడు చదివి రచయిత యుద్దేశము చెడ్డది కాదని తలచిరి. నిందించినవాడు, నిందను నిందించినవాడు, ఇద్దరును జాతీయవాదులే. ఇంత కలహములోను ఆ మనుష్యులు ఏమనుకొనుచున్నారో అడుగుటకు మాత్రము ఏ పత్రికకును తోచలేదు. ఆ తప్పును మా గ్రంథాలయము నూరేండ్ల తరువాత మరల చేయవలదు.

కావున సభలో ఆ తీర్మానము వచ్చిననాడు మేము దానికి సవరణ ప్రతిపాదింతుము. నిషేధమును గోరు వాక్యమును తొలగించి, ఆ స్థానమున ఒక నాటికల పోటీని ప్రకటింపవలెనని. నాటకపరిషత్తులకు కృష్ణాగుంటూరు సీమలలో కొరతలేదు. మంచి నాటిక వ్రాయగలవారును, ఆడగలవారును మనలో నున్నారు. కథ ఈ నేలపై జరుగవలెను. పేర్లు మన పేర్లు, మాట మన మాట, తల్లిదండ్రులు మన తల్లిదండ్రులు. బహుమతికి మా వంతుగ వేయినూటపదహారు రూపాయలను గ్రంథాలయ కార్యదర్శివద్ద ఇప్పటికే ఉంచితిమి. నియమ మొక్కటే. హాస్యము ఎంతయైన నుండవచ్చును గాని, ఆ పాత్ర నడకను జూచి నవ్వించు నాటికకు బహుమతి లేదు. తీర్మానకర్తగారిని న్యాయనిర్ణేతలలో నొకరుగ నుండవలసినదని కోరితిమి. ముందు ఆ 'చెర్రీ మాజిక్'ను చూచి చెప్పెదననిరి. పండ్రెండు భాగములే గనుక ఈ కాపు ముగియులోపల ముగింతురు.